పాలరంగు సీరం నుంచి మైలోమా దాకా

రక్తం గడ్డకట్టిన తరువాత పైన తేరే ద్రవమే సీరం. మామూలుగా అది లేత పసుపు రంగులో తేటగా ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగితే పాలలా తెల్లబడుతుంది. 1830లో ఎడిన్‌బరో వైద్యుడు రాబర్ట్ క్రిస్టిసన్ ఇలాంటి రక్తం గురించి రాస్తూ, ఆ తెలుపుకు కారణం కొవ్వేనని వివరించాడు. మరి ఆ కొవ్వు ఎందుకు పేరుకుంటుంది? ఈ ప్రశ్నకు ఒక జవాబు రక్తక్యాన్సర్ చరిత్రలో దొరికింది. రెండు చరిత్రలు ఎలా కలిశాయో ఈ భాగంలో తెలుసుకుంటారు.

మైలోమాను గుర్తించడం

1845లో లండన్‌లో ఎముకల నొప్పితో బాధపడుతున్న ఒక కిరాణా వర్తకుడి మూత్రాన్ని వైద్యులు హెన్రీ బెన్స్ జోన్స్‌కు పంపారు. అందులో కనిపించిన వింత ప్రోటీన్ గురించి ఆయన 1847లో ప్రకటించాడు. అప్పటికే రోగి మరణించాడు. ఆ ప్రోటీన్ యాంటీబాడీలోని తేలిక గొలుసేనని 1962లో ఎడెల్‌మన్, గ్యాలీ చూపారు. మైలోమాలో ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. అవి ఒకే రకం యాంటీబాడీని గానీ, దాని భాగాలను గానీ విపరీతంగా తయారుచేస్తాయి.

కొవ్వు తొలగే తీరు

కొవ్వుతో తెల్లబడిన కుక్కల రక్తం హెపారిన్ ఇస్తే తేటపడుతుందని 1943లో పాల్ హాన్ గమనించాడు. ఆ పని చేసే ఎంజైమ్‌ను 1955లో ఎడ్వర్డ్ కార్న్ లైపోప్రోటీన్ లైపేజ్‌గా వర్ణించాడు.

రెండు దారుల కలయిక

మైలోమా రోగి సీరంలోని యాంటీబాడీ అతని సొంత లైపోప్రోటీన్లనే పట్టుకుంటున్నట్లు 1965లో ఫ్రాన్స్‌కు చెందిన బోమాంట్ చూపాడు. కొందరు రోగులలో ఇలాంటి యాంటీబాడీ లైపేజ్‌నో, హెపారిన్‌నో పట్టుకుంటుందని తరువాత తెలిసింది. ఏ విధంగా జరిగినా ఫలితం ఒకటే: కొవ్వు కణికలు విచ్ఛిన్నం కాక రక్తంలో నిలిచిపోతాయి. ట్రైగ్లిజరైడ్లు మరీ పెరిగితే క్లోమం వాచి ప్రాణాపాయం కలగవచ్చు.

ఇది చాలా అరుదు. ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి మధుమేహం, మద్యపానం, థైరాయిడ్ లోపం వంటివే తరచు కారణాలవుతాయి. అయినా ఈ చరిత్ర వైద్యుల ఆలోచనను మార్చింది. పాలరంగు సీరం వ్యాధి కాదు, లక్షణం. పథ్యానికీ, కొవ్వు తగ్గించే మందులకూ అది లొంగకపోతే వెనుక ఏముందో వెతకాలి. మైలోమాకు చికిత్స జరిగి అసాధారణ ప్రోటీన్ తగ్గినప్పుడు, కొవ్వు కూడా దిగిన సందర్భాలున్నాయి. కొవ్వును మాత్రమే చూస్తూ ఉంటే క్యాన్సర్‌ను పట్టుకోవలసిన సమయం జారిపోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మైలోమా పరిశోధన, కొవ్వు పరిశోధన 1965లో ఎలా కలిశాయో మీ మాటల్లో ఐదు వాక్యాలలో రాయండి.