ప్రొఫెసర్ స్పెమన్ – కంటి కటకం

మన ఇళ్లలో పెద్దవాళ్లకు మోతియాబిందు వచ్చిందంటే కంటిలోని కటకం మసకబారిందన్న మాట. గాజులా తేటగా ఉండవలసిన ఆ చిన్న వస్తువు తల్లి కడుపులోనే తయారవుతుంది. దాన్ని తయారుచేయించేది ఏది? ఈ ప్రశ్నతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టిన జర్మనీ జంతుశాస్త్ర ప్రొఫెసరు హాన్స్ స్పెమన్ గురించి నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

1869లో స్టుట్‌గార్ట్‌లో పుట్టిన ఆయన, వుర్జ్‌బర్గ్‌లో బొవేరి అనే గొప్ప ఉస్తాద్ దగ్గర చదివి 1895లో డాక్టరేటు పొందారు. 1908లో రోస్టాక్, 1914లో బెర్లిన్, 1919లో ఫ్రైబర్గ్. మన మాస్టర్ల లాగే ఊళ్లు మారుతూనే ఉన్నారు! పనిముట్లంటారా, సన్నగా లాగిన గాజు సూదులు, తన పసిబిడ్డ వెంట్రుకతో చేసిన ఉచ్చు.

పిండంలో మెదడు నుంచి ఒక బుడగ పొడుచుకొచ్చి పైచర్మాన్ని తాకుతుంది. తాకినచోట చర్మం మందమై, లోపలికి కుంగి, విడిపోయి కటకమవుతుంది. మరి ఆ తాకిడే కారణమా? 1901లో స్పెమన్ రానా ఫస్కా అనే కప్ప పిండంలో ఒకవైపు కన్నుగా మారవలసిన భాగాన్ని వేడి సూదితో కాల్చేశారు. అటువైపు కటకం రాలేదు. తాకిడే కారణమని తేలిపోయింది.

తేలిందా? 1903లో మెంక్ల్ అనే ఆయన సాల్మన్ చేప పిండంలో కన్ను లేకుండానే కటకం ఉందన్నాడు. ఇంకొకరైతే కొట్టిపారేసేవారు. స్పెమన్ మళ్లీ సూది పట్టారు. రానా ఎస్కులెంటా అనే దగ్గరి చుట్టం కప్పలో కన్ను తీసేసినా కటకం వచ్చి కూర్చుంది! ఒక కప్పలో అవసరమైనది ఇంకో కప్పలో అవసరం కాదని 1912లో పెద్ద వ్యాసంలో తానే రాశారు. తన పేరు నిలబెట్టిన ఫలితాన్ని తానే సగం వెనక్కి తీసుకోవడం మాటలు కాదు.

ఒక భాగం పక్క భాగాన్ని మలుస్తుందన్న ఆలోచన మాత్రం ఆయన్ని వదల్లేదు. ఫ్రైబర్గ్‌లో శిష్యురాలు హిల్డే మాంగోల్డ్ నీటిబల్లి పిండాల మీద చేసిన ప్రయోగాలు 1924లో అచ్చయ్యాయి, గురువు పేరు ముందు పెట్టి. ఆ ఏడే ఆమె ఒళ్లు కాలి చనిపోయింది. 1935 నోబెల్ బహుమతి గురువు ఒక్కరికే వచ్చింది. ఇది మాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

మా ఉర్దూ తరగతిలో మేమూ చాలాకాలం మొదటి కప్ప సంగతే చెప్పి ఊరుకున్నాం. ఈమధ్య రెండోదీ చెబితే వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సర్, మరి మన చెరువులో కప్ప ఏ రకం?" అన్నాడు.