గుంటూరు దక్కించుకోలేని హైకోర్టు

ఏలూరు జిల్లా కోర్టులో దావా ఓడినవాడికి చాలాకాలం చెన్నపట్నమే దిక్కు. బందరులో 1802 నుంచి నడిచిన ప్రొవిన్షియల్ కోర్టును 1843లో ఎత్తేశారు. 1862లో మద్రాసు హైకోర్టు వచ్చింది. ఆ తర్వాత తాడేపల్లిగూడెం రైతు దస్తావేజుల సంచి తలకింద పెట్టుకుని 500 కిలోమీటర్లకు పైగా రైల్లో పోవాలి, పూటకూళ్ల ఇంట్లో దిగాలి, వాయిదా పడితే మళ్లీ రావాలి. గట్టు తగాదాకు అంత ఖర్చేమిటంటారా? గట్టు ఎప్పుడో మరిచిపోయుంటారు, పంతం మిగిలుంటుంది.

ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టు ఒకేచోట ఉండకూడదనీ, ఏది కావాలో ముందు రాయలసీమే కోరుకోవాలనీ కోస్తా, సీమ నాయకుల 1937 శ్రీబాగ్ ఒడంబడిక. సీమలోని కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు కోస్తా వంతుకొచ్చింది. 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం 1956 జనవరి 1 దాకా గడువిచ్చినా, 1954 జులై 5నే గుంటూరులో కోర్టు తెరుచుకుంది. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు తొలి ప్రధాన న్యాయమూర్తి. ఏలూరువాళ్లు బెజవాడలో బండి మారితే చాలు, వంద కిలోమీటర్ల లోపే హైకోర్టు. అంత దగ్గరికి అది అంతకుముందెన్నడూ రాలేదు.

రెండేళ్ల నాలుగు నెలలు. అంతే దాని ఆయుష్షు.

1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణలను కలిపే విషయమై ఢిల్లీలో పెద్దమనుషులు కూర్చున్నప్పుడు హైకోర్టు హైదరాబాదులో ఉండాలని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. గుంటూరులో కనీసం ఒక బెంచి ఉంచమని ఆంధ్ర నాయకులు అడిగారు, తెలంగాణ నాయకులు వద్దన్నారు. తేలకుండా మిగిలిన రెండో ముచ్చట రాష్ట్రం పేరు. పేరు నెలల్లో తేలింది. బెంచి రానేలేదు.

ఇందులో చిత్రమేమంటే, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం రద్దు చేసింది హైదరాబాదు హైకోర్టును. ఆంధ్ర హైకోర్టే కొత్త రాష్ట్రానికీ హైకోర్టయింది. కాగితం మీద నెగ్గి, నవంబరులో ఊరు విడిచి వెళ్లిపోయింది. అంతకంటే ఓడిపోయినా బాగుండేదేమో, గుంటూరు కనీసం గట్టిగా ఏడ్చేది.

దాంతో హైకోర్టు మళ్లీ దూరమైంది. కొల్లేరును 1999లో అభయారణ్యం చేసి, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు లంకల జనానికి హైకోర్టంటే 300 కిలోమీటర్ల పైమాటే. కృష్ణ ఒడ్డుకు కోర్టు తిరిగొచ్చేసరికి 2019 జనవరి 1 అయింది. వచ్చింది గుంటూరు జిల్లాకే, అమరావతికి. గుంటూరు ఊరికి కాదు.