కుందేలు పేగులో దొరికిన కలరా గుట్టు

ఫిబ్రవరి 1 శంభునాథ్ డే జయంతి. క్యాలెండర్లలో కనిపించని తేదీ కనుక ఈ పేజీలోనైనా కనిపించాలని నా పట్టుదల.

కలరా మన ఊళ్లకు పాత పగ. కోస్తాలో మరిడి అన్నారు, తెలంగాణలో గత్తర అన్నారు, అమ్మవార్లకు జాతరలు చేశారు. 1817లో బెంగాల్ నుంచి బయల్దేరి దేశాలు తిరిగింది. 1854లో ఫ్లోరెన్స్‌లో ఇటలీ శాస్త్రవేత్త పచీని ఆ క్రిమిని చూశాడు, పట్టించుకున్నవాళ్లు లేరు. 1884లో కలకత్తాలో జర్మన్ శాస్త్రవేత్త కాక్ దోషి ఇదేనని తేల్చాడు. అదేదో విషం వదులుతుందనీ అన్నాడు. ఆ విషాన్ని చూపించడానికి మరో డెబ్బై అయిదేళ్లు పట్టింది.

అప్పటిదాకా అందరూ క్రిమిని జంతువుల రక్తనాళాల్లోకో, పొట్టలోకో ఎక్కించి చూసేవారు. కలకత్తాలో పాథాలజీ పాఠాలు చెప్పే డే మాత్రం, రోగం పేగుది కదా, పేగులోనే చూద్దామనుకున్నారు. కుందేలుకు మత్తిచ్చి, పొట్ట కోసి, చిన్నపేగులో బెత్తెడు ముక్కను రెండు చివరలా దారంతో బిగించారు. మధ్యలోకి సూదితో కలరా క్రిములను ఎక్కించి, పేగును తిరిగి పొట్టలో సర్ది కుట్టేశారు. మర్నాడు విప్పితే ఆ ముక్క ఉబ్బిపోయి ఉంది. లోపలంతా బియ్యం కడుగులాంటి నీళ్లు! అది 1953. ఆరేళ్ల తర్వాత క్రిములను వడకట్టి తీసేసి, అవి పెరిగిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించారు. పేగు అలాగే ఉబ్బింది. విషం ఉందనడానికి ఇంకేం కావాలి? ‘నేచర్’లో చిన్న వ్యాసం వచ్చింది. అమెరికన్ శాస్త్రవేత్త, నోబెల్ గ్రహీత లెడర్‌బర్గ్ ఒకటికి రెండుసార్లు నోబెల్‌కు ఆయన పేరు పంపినా ఫలితం లేదు. ఇక్కడి అకాడమీలైతే ఫెలోగానైనా ఎన్నుకోలేదు. ఎంచేతో వాళ్లనే అడగాలి. 1985లో డే కన్నుమూశారు.

ఆ తర్వాతి కథ ఇంత ముచ్చటగా సాగదు. విషం ఎప్పుడు వదలాలో క్రిమికి ఎలా తెలుస్తుంది? 2004లో ప్రిన్స్‌టన్‌లో బానీ బాస్లర్ బృందం క్యూఆర్‌ఆర్ అనే నాలుగు చిట్టి ఆర్‌ఎన్‌ఏలను పట్టుకుంది. ఒక్కోటి సుమారు వంద అక్షరాల పొడవు. క్రిములు పలచగా ఉన్నప్పుడు ఇవి పుట్టి, హెచ్‌ఎఫ్‌క్యూ అనే ప్రోటీన్ సాయంతో, విషపు జన్యువులను అణిచే మరో ప్రోటీన్ హాప్‌ఆర్ తాలూకు సందేశ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని, దాన్ని నాశనం చేయిస్తాయి. హాప్‌ఆర్ లేకుంటే విషపు జన్యువులకు అడ్డు తొలగినట్టే. గుంపు పెరిగాక చిట్టి ఆర్‌ఎన్‌ఏలు తగ్గుతాయి, హాప్‌ఆర్ పుంజుకుంటుంది, విషం ఆగుతుంది, క్రిములు పేగుగోడ వదిలి బయటి దారి పడతాయి.

లెక్క కుదిరిందనుకునేలోపే తిరకాసు. 2000లో జన్యుపటం అచ్చయిన ఎన్16961 రకంలో హాప్‌ఆర్ జన్యువే చెడిపోయి ఉంది. అంటే విషాన్ని ఆపే మీట లేకపోయినా అది రోగి నుంచి వచ్చిన క్రిమే. పైగా 2008లో విఆర్‌ఆర్‌ఏ అనే ఇంకో చిట్టి ఆర్‌ఎన్‌ఏ బయటపడింది. అది క్రిమి పైపొర నుంచి బుడగలు ఎక్కువగా ఊడేలా చేస్తుంది. ఆ చిట్టి ఆర్‌ఎన్‌ఏను తీసేస్తే పసి చుంచెలుకల పేగుల్లో క్రిమి మరింత బాగా పాతుకుంటుంది. అంటే ఒక చిట్టి ఆర్‌ఎన్‌ఏ ఉసిగొల్పుతుంటే ఇంకోటి పగ్గం వేస్తోంది.