కంచే చేను మేస్తే: రామ్‌ఫర్డ్ సంత తీర్పు

లండన్‌కి తూర్పు కొసన రామ్‌ఫర్డ్ అనే ఊరుంది. 1247లో మూడో హెన్రీ రాజు అనుమతితో మొదలైన సంత అక్కడ ఇంకా నడుస్తోంది. నేనూ కూరగాయలకి వెళ్తుంటాను. ఎన్నో దేశాల ట్రస్టు చట్టంలో ఒక ముఖ్య సూత్రానికి ఈ సంత గొడవే పునాది అని చాలా ఏళ్లు నాకు తెలియదు.

ఆ సంత రాబడిని కౌలుకి తీసుకున్న ఒకాయన, తన ఆస్తి ఒక మైనరుకి చెందాలని వీలునామా రాసి, దాన్ని ధర్మకర్త చేతిలో పెట్టి పోయాడు. కౌలు గడువు దగ్గరపడింది. పిల్లవాడి పేర పొడిగించమని ధర్మకర్త అడిగాడు. యజమాని ఒప్పుకోలేదు. కారణం సబబైనదే. అది నేల కౌలు కాదు, మన సంతల్లో ఆశీలు పాటలాంటిది. బాకీ పడితే జప్తు చేయడానికి ఏమీ ఉండదు, మైనరు రాసిచ్చే ఒప్పందం చెల్లదు. అప్పుడు ధర్మకర్త అదే కౌలు తన పేర రాయించుకున్నాడు.

పిల్లవాడి తరఫున చాన్సరీ కోర్టులో దావా పడింది. అదే 1726 నాటి కీచ్ వర్సెస్ శాండ్‌ఫర్డ్. మోసం రుజువు కాలేదు. ఎలాగూ ఆ కౌలు పిల్లవాడికి దక్కేది కాదు. అయినా లార్డ్ చాన్సలర్ పీటర్ కింగ్ ధర్మకర్తకి వ్యతిరేకంగానే తీర్పిచ్చాడు. లోకంలో ఎవరైనా ఆ కౌలు తీసుకోవచ్చు, ఈ ఒక్కడు తప్ప అన్నాడు. కౌలు పిల్లవాడికి బదలాయించాలి, వచ్చిన లాభానికి లెక్క అప్పజెప్పాలి. కౌలు షరతుల భారం మాత్రం ధర్మకర్త మీద ఉండకూడదు.

ఇంత కఠినం ఎందుకు? అంతకు ముందు ఏడాదే, 1725లో, కింగ్‌కి ముందు ఆ కుర్చీలో కూర్చున్న మాకిల్స్‌ఫీల్డ్ ప్రభువుని పార్లమెంటు అవినీతి నేరానికి దోషిగా తేల్చి 30,000 పౌన్ల జరిమానా వేసింది. ఆయన చాన్సరీ మాస్టర్ల పదవులు అమ్ముకున్నాడు. ఆ మాస్టర్ల దగ్గర దాచిన కక్షిదారుల సొమ్ములో కొంత 1720 నాటి సౌత్ సీ షేర్ల గాలిబుడగలో కరిగిపోయింది. కంచే చేను మేసిన కోర్టు అది. ఆ మచ్చ తీర్పు రాసేటప్పుడు కింగ్‌కి గుర్తుందనే నా ఊహ.

ఈ సూత్రం మన దాకా వచ్చింది. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ 88వ సెక్షన్ ప్రకారం ధర్మకర్త, ఏజెంటు, భాగస్వామి, డైరెక్టరు తన హోదాని వాడుకుని సంపాదించిన లాభం అసలు వారికే చెందుతుంది. నష్టం కలిగిస్తే 23వ సెక్షన్ కింద పూడ్చాలి. ట్రస్టు ఆస్తి చేతులు మారితే 63వ సెక్షన్ దాన్ని వెంటాడనిస్తుంది. సంగతి తెలియక, నిజాయితీగా సొమ్మిచ్చి కొన్నవాణ్ణి మాత్రం 64 కాపాడుతుంది.

అన్యాయం అనిపించే సందర్భాలూ ఉన్నాయి. 1966 నాటి బోర్డ్‌మన్ వర్సెస్ ఫిప్స్‌లో లాయరు వల్ల ట్రస్టుకీ లాభమే వచ్చింది. అయినా ప్రభువుల సభ 3–2 తేడాతో అతని లాభాన్ని కక్కించింది, శ్రమకి మాత్రం ధారాళంగా ప్రతిఫలం ఇవ్వమంది.

నాకు ఆ కాఠిన్యమే సబబనిపిస్తుంది. తండ్రి పోయిన పిల్లల పొలాన్ని పెద్దవాళ్లు చూసుకోవడం మనకి కొత్త కాదు. "వాడికెలాగూ దక్కేది కాదుగా" అన్న మాటా కొత్త కాదు. ఆ మాట నిజమో కాదో తేల్చాలంటే లెక్కలన్నీ ఉండేది చూసుకున్నవాడి దగ్గరే. పసివాడు వాటిని ఎలా తిరగేస్తాడు? అందుకే ఆ చట్టం ఉద్దేశాన్ని తూచదు, లాభాన్ని తెచ్చి ఇమ్మంటుంది.