చక్రము విసరిన ఫుట్‌బాల్ శిక్షకుడు

1908లో లండను నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో చక్రము విసరు పోటీలు రెండు రీతుల జరిగెను. ఒకటి నేటికిని నిలిచియున్న స్వేచ్ఛారీతి; రెండవది గ్రీకురీతి. ఈ రెండవ రీతిలో క్రీడాకారుడు ముందునకు వాలిన చిన్న పీఠముపై నిలిచి, పురాతన గ్రీకు భంగిమను అనుసరించి విసరవలెను. అమెరికా దేశీయుడగు బిల్ హార్ గ్రీకురీతిలో 37 మీటర్లకు మించి విసరి రజతపతకమును, స్వేచ్ఛారీతిలో 39.44 మీటర్లు విసరి కాంస్యపతకమును పొందెను. రెండింటను స్వర్ణము అతని దేశీయుడే యగు మార్టిన్ షెరిడన్‌కు దక్కెను. అటు పిమ్మట గ్రీకురీతి ఒలింపిక్ రంగమున మరి కానరాలేదు. హార్‌కు రజతమును తెచ్చిన విద్య అతని కన్నుల యెదుటనే అంతరించెను.

హార్ సిరక్యూస్ విశ్వవిద్యాలయమున ఫుట్‌బాల్ ఆటగాడు కూడను. అది మన మెఱిగిన కాలిబంతి గాదు. కోలబంతిని చంక నిడుకొని పరుగెత్తునట్టి అమెరికా ఆట. గుంపుగా కూడి ఒకరి నొకరు త్రోయుటయే అందు ప్రధానముగా నుండెడిది. ప్రాణనష్టము హెచ్చుటచే 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు ప్రముఖ కళాశాలల ప్రతినిధులను పిలిపించి, ఆటను చక్కదిద్దుడని కోరెను. 1906లో బంతిని ముందునకు విసరుటకు అనుమతి లభించెను. బంతి పట్టినవానిని తోడివారు త్రోయుట, లాగుట 1910లో నిషేధింపబడెను. దేహబలమునకు ప్రాధాన్యము తగ్గి, చురుకుదనమునకు విలువ హెచ్చెను.

సరిగా ఆ యేటనే హార్ ఇండియానా రాష్ట్రమందలి పర్డ్యూ విశ్వవిద్యాలయమున శిక్షకుడయ్యెను. మహాకాయులతోడి ఆటలో పెరిగినవాడు, ఇప్పుడు వేగము నేర్పవలసి వచ్చెను. మొదటి యేడు అతని జట్టుకు ఒక్క గెలుపే లభించెను, రెండవ యేడు మూడు, 1912లో నాలుగు. ఆ 1912లోనే నియమములు మరల మారి, బంతిని పది గజములు కొనిపోవుటకు మూడు ప్రయత్నములకు బదులు నాలుగు లభించెను. బంతిని గమ్యరేఖ దాటించినందుకు అయిదు పాయింట్లకు బదులు ఆఱు ఇయ్యబడెను. అతని శిష్యుడు ఎల్మర్ ఒలిఫంట్ ఆ యేడు రోజ్ పాలిటెక్నిక్ జట్టుపై ఒక్కడే 43 పాయింట్లు సాధించెను. పర్డ్యూ 91–0తో గెలిచెను.

ఆ యేటితో హార్ పర్డ్యూ కొలువు ముగిసెను. మూడేండ్లలో గెలుపులకంటె ఓటములే ఎక్కువ. కావున ప్రసిద్ధ శిక్షకుల వరుసలో అతని పేరు వినబడదు. అయినను, తాను నేర్చిన ఆట మారిపోవుచుండగా, ఆ మారిన ఆటనే పిల్లలకు నేర్పి, యేటికేడు వారిని మెఱుగుపఱచిన కృషి తక్కువది గాదు.