ఎర్ర గోలీ వెనక ఉన్న చరిత్ర

నాలుగో నెల పడగానే ఏఎన్ఎం అమ్మ చేతిలో పెట్టే ఎర్ర గోలీని మనం ‘రక్తం గోలీ’ అంటాం. కొందరం వేసుకుంటాం, కొందరం డబ్బాల వెనక పడేస్తాం. ఆ ఒక్క గోలీలో రెండు మందులు ఉన్నాయి. ఒకటి ఇనుము, అంటే ఐరన్. రెండోది ఫోలిక్ యాసిడ్. ఇనుము సంగతి డాక్టర్లకి చాలా కాలం నుంచే తెలుసు. రెండోదానికి దారి దొరికింది మాత్రం మన దేశంలోనే, పేద గర్భిణుల దగ్గరే. ఆ కథ సంఘం అక్కచెల్లెళ్లందరికీ తెలిసి ఉండాలని ఈ నివేదికలో రాస్తున్నాం.

బొంబాయి గర్భిణులు

అప్పట్లో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లలో చాలామందికి గర్భంతో ఉన్నప్పుడు రక్తం బాగా తగ్గిపోయేది. ఒళ్లు పాలిపోవడం, ఆయాసం, చివరికి కాన్పులో ప్రాణం పోవడం. దీని కారణం తెలుసుకోవడానికి 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. లండన్‌లో ఆడవాళ్ల కోసమే పెట్టిన మెడికల్ కాలేజీలో చదువుకున్న మనిషి. బొంబాయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో తల్లుల మరణాల మీద జరుగుతున్న విచారణలో ఆమె చేరింది.

ఇది ఏదో అంటురోగం అయి ఉంటుందని చాలామంది అనుకున్నారు. ఆమె మాత్రం రోగుల కంచాల్లో ఏముందో చూసింది. జబ్బు ఎక్కువగా వస్తున్నది బాగా పేదవాళ్లకే. వాళ్ల తిండిలో ఆకుకూరలు, కాయగూరలు, పాలు, గుడ్లు, మాంసం చాలా తక్కువ. లోపం తిండిలోనే ఉందని ఆమెకి అనుమానం వచ్చింది.

కూనూరు, మద్రాసు, మన హైదరాబాదు

1929లో ఆమె నీలగిరి కొండల్లోని కూనూరులో పరిశోధన సాగించింది. అదే ఊళ్లో సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు తిండి మీద పరిశోధన చేసే ల్యాబు నడిపేవాడు. ఆ ల్యాబే 1958లో హైదరాబాదు తార్నాకకి మారింది. ఇప్పుడు మనం ఎన్.ఐ.ఎన్. అనే జాతీయ పోషకాహార సంస్థ అదే.

పేదవాళ్లు తినే తిండే పెడితే కోతుల్లో కూడా రక్తం తగ్గింది. వాటికి మార్మైట్ అనే ముద్ద తినిపిస్తే కోలుకున్నాయి. మార్మైట్ అంటే ఈస్ట్ నుంచి తీసే నల్లటి ముద్ద. ఖరీదు తక్కువ. తర్వాత గర్భిణులకి ఇస్తే వాళ్లకీ రక్తం పెరిగింది. 1931లో ఆమె ఈ విషయం అచ్చు వేయించింది. అదే ఏడాది మద్రాసులోని క్యాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో కూడా పనిచేసింది. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి.

ఈస్ట్‌లో రక్తం పెంచే సరుకు ఏదో ఉందని తెలిసింది కానీ అది ఏమిటో పదేళ్ల దాకా తేలలేదు. 1941లో అమెరికాలో శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి కొంచెం సరుకు తీశారు. ఆకు నుంచి వచ్చింది కాబట్టి, లాటిన్ భాషలో ఆకు అనే మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. గర్భం రాక ముందు నుంచే ఇది తీసుకుంటే బిడ్డకి వెన్నుపూస, మెదడు లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో రుజువైంది. అందుకే మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ గోలీ విడిగా ఇస్తారు.

గోలీ వచ్చింది, రక్తం పెరగలేదు

మన దేశంలో గర్భిణులకి ఐరన్, ఫోలిక్ యాసిడ్ గోలీలు ఉచితంగా ఇచ్చే పథకం 1970లో మొదలైంది. 1975లో అంగన్‌వాడీలు, 2005లో ఆశ కార్యకర్తలు, అదే ఏడాది 108 బండి వచ్చాయి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తారీఖున సర్కారు దవాఖానాల్లో గర్భిణులకి ప్రత్యేకంగా పరీక్షలు చేస్తున్నారు.

ఫలితం లేకపోలేదు. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకి 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆ లెక్క తెలంగాణలో 43కి, ఆంధ్రప్రదేశ్‌లో 45కి దిగింది.

రక్తహీనత మాత్రం దిగలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా, అంటే 100కి 53 మందికి రక్తం తక్కువ. దేశం మొత్తం మీద 180 రోజులు గోలీలు వేసుకున్న తల్లులు 100కి 26 మందే. రక్తం తక్కువ ఉన్న మనిషికి కాన్పులో కొంచెం రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

సంఘాలు పొయ్యి వెలిగించిన రోజులు

ఇందులో మన చరిత్ర కూడా ఉంది. ఇంటికి ఇచ్చిన పోషకాహారం పొట్లం ఇంటిల్లిపాదీ పంచుకుంటారు, గర్భిణి వంతు చివరికి మిగిలిందే. ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఉమ్మడి రాష్ట్రంలో 2007 ప్రాంతంలో ఇందిరా క్రాంతి పథం కింద గ్రామ సంఘాలే పోషకాహార కేంద్రాలు నడిపాయి. గర్భిణులు, బాలింతలు అక్కడికే వచ్చి కూర్చుని తినేవారు. ఖర్చులో కొంత వాళ్లే కట్టుకునేవారు. బిడ్డ బరువు, తల్లి బరువు సంఘం మీటింగులో మాట్లాడే విషయం అయింది.

తర్వాత 2013లో అంగన్‌వాడీల్లో ఒక పూట నిండు భోజనం పెట్టే అమృతహస్తం వచ్చింది. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్య లక్ష్మి పేరుతో అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు ఇస్తున్నారు. కేంద్రంలోనే కూర్చుని తినాలనే పద్ధతి సంఘాల వంటింట్లో ముందే నడిచింది.

గోలీ పడనప్పుడు

గోలీ పక్కన పెట్టేయడానికి కారణాలు మనకి తెలుసు. వికారం, మలబద్ధకం, దొడ్డికి నల్లగా రావడం. నల్లగా రావడం ఐరన్ వల్లే, భయం లేదు. వికారం ఉంటే రాత్రి అన్నం తిన్నాక గంట ఆగి వేసుకోవాలి. నీళ్లు, ఆకుకూరలు, పండ్లు ఎక్కువ తీసుకుంటే మలబద్ధకం తగ్గుతుంది. చాయ్‌తో గానీ, పాలతో గానీ, కాల్షియం గోలీతో కలిపి గానీ వేసుకోవద్దు. వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసం, ఉసిరి, జామ కలిస్తే బాగా పడుతుంది. తోటకూర, మునగాకు ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలిక్ యాసిడ్ ఆ నీళ్లతోనే పోతుంది.

గోలీ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనీ, ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందనీ పెద్దవాళ్లు అంటారు. బిడ్డ రంగుకీ గోలీకీ సంబంధం లేదు. తల్లి కడుపు మాడ్చుకుంటే బిడ్డ బరువు తక్కువతో పుడుతుంది.

రక్తం 11 గ్రాములకి తగ్గితే రక్తహీనతే. 7 కంటే తగ్గితే గోలీలతో ఆగకుండా పెద్ద దవాఖానాకి పోవాలి. రక్తం పోవడం, విడవని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు వాయడం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

పొదుపు పుస్తకంలో ప్రతి నెలా ప్రతి సభ్యురాలి పేరు ముందు అంకె రాస్తాం. మన సంఘంలో, మన ఇళ్లల్లో గర్భిణి ఉంటే ఈ నెల ఆమె రక్తం ఎన్ని గ్రాములు, గోలీలు ఎన్ని మిగిలాయి అన్న రెండు మాటలు కూడా అదే మీటింగులో అడుగుదాం. కోడలు మొహమాటపడితే అత్తని అడుగుదాం. ఆమె కూడా మన సభ్యురాలే కదా.