సాల్ కొమ్మ నుంచి సెల్ టవర్ దాకా: కబురు నడిచిన దారి



కరోనా ఏడాది మనలో చాలామందిమి ఆన్‌లైన్ క్లాసుల కోసం కొండమీద కూర్చున్నాం. ఒక బండ మీద రెండు గీతలు సిగ్నల్ వచ్చేది, నాలుగడుగులు పక్కకు జరిగితే అదీ పోయేది. ఎందుకలా అని అడిగితే "అడవి కదా, అంతే" అనేవాళ్ళు. ఆ "అంతే" అనే మాట దగ్గర మనం ఆగిపోకూడదు. కబురు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా వెళ్తుందో, ఆ దారి ముందు ఎవరి కోసం వేశారో తెలిస్తేనే మనకు ఏం అడగాలో తెలుస్తుంది. అందుకే ఈసారి ఈ చరిత్ర రాస్తున్నాం.

మొదలు మన ఆదివాసుల దగ్గరే పెడదాం. సంతాల్ జనం వేటకు ఊళ్ళను పిలవాలంటే సాల్ కొమ్మ పంపేవాళ్ళు. మనవైపు గుగ్గిలం చెట్టు అంటామే, అదే. కొమ్మకు ఎన్ని ఆకులు ఉంచితే వేటకు ఇంకా అన్ని రోజులు ఉన్నట్టు. 1855 జూన్ 30న భోగ్నాడీ గ్రామంలో సిదో, కన్హు ముర్ములు హూల్ తిరుగుబాటు ప్రకటించినప్పుడు కూడా ఊరూరికీ కబురు మోసింది సాల్ కొమ్మే.

ఈ ఆకుల లెక్కలోనే డిజిటల్ అన్న మాటకు అర్థం ఉంది. నోటిమాట పది మంది చేతులు మారితే కొంచెం కొంచెంగా మారిపోతుంది. నాలుగు ఆకులు మాత్రం నాలుగే. వాడిపోయినా, నలిగినా లెక్క నాలుగే, మూడున్నర ఆకులు అని ఉండదు. కబురును ఇలా లెక్కపెట్టగలిగే గుర్తుల్లోకి మార్చి పంపడమే డిజిటల్. కంప్యూటర్‌కు రెండు గుర్తులు చాలు: 0, 1. దారిలో సంకేతం కొంత బలహీనపడినా, అవతలివాడు అది 0యో 1యో పోల్చుకోగలిగితే చాలు, కబురు చెడకుండా చేరుతుంది.

ఇక తీగ సంగతి. 1844లో శామ్యూల్ మోర్స్ అమెరికాలో వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య టెలిగ్రాఫ్ నడిపి చూపించాడు. చుక్క, గీత, వాటి మధ్య ఖాళీ, ఇంతే లిపి. మన దేశంలో ఓషానెస్సీ అనే డాక్టరు ఈ పని చేశాడు. 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య తీగ నడిచింది. తర్వాత ఆగ్రా, బొంబాయి, మద్రాసులను కలిపారు. 1855 ఫిబ్రవరిలో జనం కూడా డబ్బు కట్టి టెలిగ్రాం పంపుకునే వీలు వచ్చింది.

ఏడాది గమనించారా? హూల్ జరిగిన ఏడాదే. ఒకవైపు సాల్ కొమ్మ పట్టుకుని నడిచే మనిషి, మరోవైపు కంపెనీ చేతిలో కరెంటు తీగ. 1857 మే 11న సిపాయిలు ఢిల్లీలోకి వచ్చిన కబురును అక్కడి టెలిగ్రాఫ్ ఉద్యోగులు అంబాలాకు పంపేశారు. తీగ విలువ తిరగబడ్డవాళ్ళకూ తెలుసు, అందుకే చాలాచోట్ల తీగలు తెంపారు. రేవులు, దండు ఉండే ఊళ్ళు, పెద్ద పట్నాలు, ఇవీ తీగ ముందు కలిపిన చోట్లు. పాలించేవాడికి, వ్యాపారికి అవసరమైన చోటికి అది ముందు వెళ్ళింది. మన కొండలు ఆ లెక్కలో లేవు.

తీగ లేకుండా కూడా కబురు వెళ్తుందని జగదీశ్ చంద్రబోస్ 1895లో కలకత్తాలో చూపించాడు. విద్యుదయస్కాంత తరంగాలను గోడల అవతలికి పంపి గంట మోగించాడు. 1901లో మార్కోనీ అట్లాంటిక్ సముద్రం అవతలికి సంకేతం అందుకున్నాడు.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడటం తర్వాతి మలుపు. 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు "లాగిన్" అన్న మాట పంపబోయారు. ఇంగ్లీషులో దానికి అయిదక్షరాలు. రెండక్షరాలు వెళ్ళాక అవతలి యంత్రం ఆగిపోయింది. ఆర్పానెట్ అలా మొదలైంది. అందులో పెద్ద ఆలోచన ప్యాకెట్. పెద్ద కబురును చిన్న మూటలుగా కట్టి, ప్రతి మూట మీద చిరునామా, వరుస నంబరు రాసి వదులుతారు. ఏ మూట ఏ దారిన వచ్చినా చివర్లో నంబర్ల ప్రకారం పేర్చుకుంటారు. ఒక దారి తెగితే ఇంకో దారిన పంపుతారు.

మనకు అన్నిటికంటే దగ్గరి కథ మాత్రం హవాయి దీవులది. సముద్రం మధ్య విడివిడి దీవులు, ఒకే విశ్వవిద్యాలయం. మంచి ఫోన్ తీగలు దొరకవు. నార్మన్ అబ్రామ్సన్ బృందం తీగ కోసం ఎదురుచూడకుండా 1971లో రేడియోతో అలోహానెట్ నడిపింది. అందరికీ ఒకటే రేడియో దారి. ఇద్దరు ఒకేసారి పంపితే రెండు ప్యాకెట్లూ చెడిపోతాయి. అప్పుడు ఎవరికి వారు కొంచెంసేపు, ఒకరిది ఒకరికి సంబంధం లేకుండా ఆగి మళ్ళీ పంపుతారు. ఊరి కూటంలో ఇద్దరు ఒకేసారి మాట మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, తర్వాత ఒకరు అందుకున్నట్టే. ఈ పద్ధతిలో ఆ దారిలో ఎక్కువలో ఎక్కువ 18 శాతం వరకే పనికొస్తుంది. అయినా దీవులు కలిశాయి. ఈ ఆలోచన నుంచే 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ మొదలుపెట్టాడు. ఈ రోజు వైఫై కూడా ఆ దారిలోదే. తీగ అందని చోటు కోసం చేసిన పని లోకమంతా పాకింది.

ఇప్పుడు మన కొండలకు వద్దాం. ఇండియాలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న, జనానికి ఇంటర్నెట్ అదే ఏడాది ఆగస్టు 15న వచ్చాయి. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలకని 2014లో మంజూరైన మొదటి దశ టవర్లు 2జీవి. అంటే మాట వెళ్తుంది, క్లాసు వీడియో రాదు. అలాంటి 2,343 టవర్లను 4జీకి మార్చడానికి 2022 ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకుంది. అదే ఏడాది జూలైలో సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్ల పథకం ఆమోదించింది.

అయితే టవర్ నిలబడితే పని అయిపోయినట్టు కాదు. మన ఫోన్ నుంచి టవర్ దాకా ఒక దారి. టవర్ నుంచి బయటి లోకానికి ఇంకో దారి, దాన్నే బ్యాక్‌హాల్ అంటారు. అది మూడు రకాలుగా ఉంటుంది. ఫైబర్ అయితే గాజు పోగులో వెలుతురు వెళ్తుంది, చాలా డేటా పడుతుంది. మైక్రోవేవ్ అయితే ఒక డిష్‌కు ఇంకో డిష్ కనబడాలి, మధ్యలో కొండ అడ్డొస్తే పనిచేయదు. ఉపగ్రహం అయితే దాదాపు 36,000 కిలోమీటర్లు పైకెళ్ళి దిగాలి, ఆలస్యం ఎక్కువ, సాధారణంగా డేటా తక్కువ. ఇవన్నీ బాగున్నా కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే టవర్ ఉత్త ఇనుప స్తంభమే.

బండ మీద సిగ్నల్ వచ్చి ఊళ్ళో రాకపోవడానికి కారణం కూడా ఇదే లెక్కలో ఉంది. బండ నుంచి టవర్‌కు అడ్డం లేదు, ఊరికి కొండ అడ్డం ఉంది. "అడవి కదా" అనేది జవాబు కాదు.

కాబట్టి "టవర్ కావాలి" అని రాసి ఊరుకోవద్దు. గ్రామసభలో అయినా, ఐటీడీఏకు ఇచ్చే అర్జీలో అయినా మూడు ప్రశ్నలు పెట్టండి. టవర్ 2జీయా, 4జీయా? దాని బ్యాక్‌హాల్ ఏది? కరెంటు పోతే బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుంది? జవాబు రాతలో అడగండి. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ చదివే మన పిల్లలు ఈ పనిలో ఊరికి తోడుండాలి.

మన పెద్దలు ఆకులు లెక్కపెట్టి కబురు అందుకున్నారు. మనం ఈ మూడు జవాబులు లెక్కపెట్టి అందుకుందాం. జోహార్.